కప్పాబాషిలో వింత కప్పులు

టోక్యోలో గింజా లైను మెట్రో ఎక్కి, అసకుసకి ఒక్క స్టేషను ముందు, తవరామాచిలో దిగండి. 1927 డిసెంబరులో జపాన్‌లో మొట్టమొదటి భూగర్భ రైలు నడిచింది ఉయేనో నుంచి అసకుస దాకానే. అప్పుడున్నవి నాలుగే స్టేషన్లు. వాటిలో తవరామాచి ఒకటి. మెట్లెక్కి పైకొచ్చి నాలుగైదు నిమిషాలు నడిస్తే పెద్ద కూడలి వస్తుంది. అక్కడ తలెత్తి చూస్తే, ఒక భవనం నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని, మీసాలతో ఓ వంటాయన కనిపిస్తాడు. మనిషి కాదు, బొమ్మ. పది మీటర్లు దాటిన బొమ్మ! మన ఊళ్ళో అంత ఎత్తున పెడితే హీరో కటౌట్ పెడతాం, లేకపోతే హనుమంతుణ్ణి పెడతాం. వీళ్ళు వంటవాణ్ణి పెట్టారు. అక్కణ్ణుంచే కప్పాబాషి వీధి మొదలు.

జపనీస్‌లో దీని పూర్తి పేరు కప్పాబాషి దోగు గాయ్. దోగు అంటే పనిముట్టు, గాయ్ అంటే వీధి. సుమారు 800 మీటర్ల పొడవు, అటూ ఇటూ కలిపి 170 దాకా దుకాణాలు. అన్నీ వంటింటి సామాన్లే. హోటలు పెట్టాలనుకునేవాడు ఈ చివర ఖాళీ చేతులతో అడుగుపెడితే, ఆ చివరకి వెళ్ళేలోపు పొయ్యిలు, కత్తులు, గిన్నెలు, కుర్చీలు, గుమ్మానికి కట్టే లాంతర్లు, మెనూ కార్డులు అన్నీ కొనేసుకోవచ్చు. మన హైదరాబాద్ బేగంబజార్‌లో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్ల మధ్య తిరిగినవాళ్ళకు ఈ వీధి తెలిసినట్టే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ బేరం లేదు, హారన్ లేదు, పక్కనుంచి తోపుడుబండి గుద్దదు.

1912 ప్రాంతంలో పాత సామాన్లు అమ్మేవాళ్ళు కొందరు ఇక్కడి కాలవగట్టు మీద కొట్లు పెట్టుకోవడంతో ఇది మొదలైందట. తర్వాత్తర్వాత హోటళ్ళ సామాన్లకి పేరుపడింది. ఏటా అక్టోబరు 9ని వీళ్ళు పనిముట్ల దినంగా జరుపుకుంటారు. జపనీస్‌లో పదిని 'తో' అనీ, తొమ్మిదిని 'కు' అనీ కూడా పలుకుతారు. పదో నెల, తొమ్మిదో తారీకు కలిపితే 'తోకు', కాస్త సాగదీస్తే 'దోగు'. ఇలాంటి మాటల గారడీ మనవాళ్ళకేం కొత్త కాదు కదా!

కప్ప కాదు, కప్పా

వీధి మధ్యలో ఓ చోట బంగారు రంగు విగ్రహం నిలబడి ఉంటుంది. కాళ్ళకీ చేతులకీ బాతులా పొరలు, పక్షి ముక్కులాంటి నోరు, వీపున డిప్ప. పేరు కప్పా కవతారో. వీధికి తొంభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2003లో పెట్టారు. కప్పా అంటే జపాన్ జానపద కథల్లో నీళ్ళలో ఉండే ఓ చిన్న జీవి. మామూలుగా ఆకుపచ్చగా ఉంటుంది, ఏటి ఒడ్డున ఉంటుంది, పేరు చూస్తే కప్పా. తెలుగువాడికి నవ్వాగుతుందా? "మా భాషలో కప్ప అంటే ఇలాంటిదే, కాకపోతే ఇంకాస్త చిన్నది" అన్నాను నాతో వచ్చిన జపనీస్ సహోద్యోగితో. ఆయన వయసు యాభై పైనే, మా క్లయింట్ ఆఫీసులో సీనియర్. చాలాసేపు నవ్వారు.

ఈ కప్పా నెత్తి మీద ఒక పళ్ళెం ఉంటుంది, అందులో నీళ్ళుంటాయి. దాని బలమంతా ఆ నీళ్ళలోనే. ఒలికితే శక్తి పోతుంది. అందుకని కప్పా ఎదురైతే పారిపోకూడదట, వంగి దణ్ణం పెట్టాలట. మర్యాద తెలిసిన జీవి కాబట్టి అదీ వంగుతుంది. నీళ్ళు ఒలికిపోతాయి. మనం బతికిపోతాం. వింత పాత్రలు అమ్మే వీధికి నెత్తినే పాత్ర ఉన్న దేవుడు దొరకడం భలే కుదిరింది.

పేరు వెనక రెండు కథలున్నాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతమంతా పల్లం, వానొస్తే మునిగిపోయేది. కిహాచి అనే వాన కోట్ల వ్యాపారి సొంత డబ్బుతో కాలవ తవ్వించడం మొదలుపెడితే, అంతకుముందు ఆయన కాపాడిన కప్పాలు సుమిద నది నుంచి రాత్రిళ్ళు వచ్చి పని పూర్తి చేశాయట. దగ్గర్లో సోగెంజి అనే గుడి ఉంది. అక్కడ కప్పాకి దోసకాయలు నైవేద్యం పెడతారు. దోసకాయ పెట్టి చుట్టిన సుషీని కప్పా మాకి అనేది కూడా అందుకే. రెండో కథ కాస్త చప్పగా ఉంటుంది. వాన కోటుని కూడా జపనీస్‌లో కప్పా అనే అంటారు, పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. పేద సమురాయ్‌లు ఇంట్లో వాన కోట్లు కుట్టుకుని ఇక్కడి వంతెన మీద ఆరేసేవారట. 'హాషి' అంటే వంతెన. అలా కప్పాబాషి. నాకైతే దోసకాయల కథే నచ్చింది.

మన పొంగనాలు అక్కడా ఉన్నాయి

మొదటి దుకాణంలోనే ఒక ఇనప పెనం దగ్గర ఆగిపోయాను. గుండ్రటి గుంటలు, వరసగా. గుంత పొంగనాల పెనం! అచ్చం అదే. వాళ్ళు దాన్లో పిండి పోసి, మధ్యలో ఆక్టోపస్ ముక్క పెట్టి, పుల్లతో తిప్పి తకోయాకి చేస్తారు. మనం ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేస్తాం. పుల్లతో తిప్పే ఒడుపు, లోపల మెత్తగా పైన కరకరలాడేలా రావాలనే పట్టుదల అన్నీ ఒకటే. సముద్రాల అవతల ఇద్దరు ఒకే గుంటలు ఎలా తవ్వారో మరి.

లోపలికి వెళ్ళే కొద్దీ వింతలు. ఉడికిన కోడిగుడ్డుని పెట్టి మూత నొక్కితే చేపలాగానో, కారులాగానో మార్చేసే అచ్చు. సముద్రపు నాచుని కోసి నవ్వు ముఖాలు చేసే పంచింగ్ మెషీన్, అన్నం ముద్ద మీద అంటిస్తే పిల్లల లంచ్ బాక్సు నవ్వుతుంది. అల్లం ఒక్కదానికే ఒక కోరు, ముల్లంగికి ఇంకో కోరు, వసాబీకి సొరచేప చర్మం అతికించిన మూడో కోరు. మా అమ్మ చూస్తే "ఒక్క కొబ్బరికోరుతో నలభై ఏళ్ళు లాగించాం" అంటుంది. మన కత్తిపీటని వాళ్ళకు చూపిస్తే, నేల మీద కూర్చుని, కాలితో తొక్కిపట్టి, కత్తి కదపకుండా కూరగాయనే కదపడం వాళ్ళకు ఇంకెంత వింతో!

ఆ పక్కనే ప్లాస్టిక్ భోజనాల దుకాణాలు. జపాన్ హోటళ్ళ అద్దాల వెనక కనిపించే నకిలీ వంటకాలు ఇక్కడే దొరుకుతాయి. గుజో హచిమాన్ అనే ఊళ్ళో పుట్టిన ఇవసాకి తకిజో, మైనంతో ఆమ్లెట్ చేసి, 1932లో దీన్నొక వ్యాపారంగా నిలబెట్టాడు. ఇప్పుడు మైనం బదులు ఎక్కువగా ప్లాస్టిక్ వాడతారు. నురగ పొంగి ఒలికిపోతూ అలాగే ఆగిపోయిన బీరు మగ్గు, గాల్లో తేలే ఫోర్కుకి చుట్టుకుని నిలబడ్డ నూడుల్స్. ఒక కొట్లో గోరువెచ్చటి నీళ్ళలో రంగు మైనం పోసి లెట్యూస్ ఆకు ఎలా తయారవుతుందో మనచేతే చేయిస్తారు. ముందుగా బుక్ చేసుకోవాలి.

కింద పెట్టలేని గ్లాసు

సాకే తాగే పాత్రలు అమ్మే కొట్లో మూడు పింగాణీ ముఖాలు కనిపించాయి, పక్కన ఒక బొంగరం. ఒకటి ఒకామె గుండ్రటి ముఖం, రెండోది మూతి సున్నాలా చుట్టిన మగాడి ముఖం, మూడోది పొడుగాటి ముక్కున్న తెంగు అనే భూతం ముఖం. ముఖానికి ముక్కేమో కాని, కప్పుకి అదే అడుగు. వీటిని బెకుహాయ్ అంటారు. షికోకు ద్వీపంలోని కోచి ప్రాంతం వీటికి ప్రసిద్ధి. బొంగరం తిప్పితే ఏ బొమ్మ పైకి పడుతుందో ఆ కప్పుతో తాగాలి. ఆమె ముఖం చిన్నది, కింద నిలబడుతుంది, పడినవాడు అదృష్టవంతుడు. మూతి సున్నా చుట్టిన కప్పుకి ఆ మూతి దగ్గర చిల్లు ఉంటుంది, వేలు అడ్డుపెట్టి తాగాల్సిందే. తెంగు కప్పు అన్నిటికంటే పెద్దది, ముక్కు వల్ల నిలబడదు. ఖాళీ చేసేదాకా కింద పెట్టలేరు.

పేరులో కూడా తమాషా ఉందని మా సీనియర్ వివరించారు. పాతకాలపు రాతలో 'బెకు' అనే అక్షరం ఎప్పుడూ వాక్యంలో పైనే వస్తుందట, అడుగున రాదు. వాళ్ళు పైనుంచి కిందికి రాస్తారు కదా. అడుగున పెట్టలేని అక్షరం, అడుగు పెట్టలేని కప్పు.

ఇషిగాకి ద్వీపంలో ఇంకో రకం కప్పు ఉందని ఆయనే చెప్పారు. పేరుకి 'పాఠం చెప్పే గిన్నె' అని అర్థమట. ముప్పాతిక దాకా పోస్తే బుద్ధిగా ఉంటుంది. ఆశపడి నిండా పోస్తే అడుగునున్న చిల్లులోంచి చుక్క మిగలకుండా మొత్తం కారిపోతుంది. చైనాలో దాన్ని న్యాయపు గిన్నె అంటారు, గ్రీసులో పైథాగరస్ పేరు పెట్టి సామోస్ ద్వీపంలో టూరిస్టులకు అమ్ముతారు. ఆయన చెప్పడం పూర్తవకముందే నేను అందుకున్నాను. "మాకూ ఉంది. వాసుదేవ కప్పు!" ఇత్తడి గిన్నె మధ్యలో వసుదేవుడు, నెత్తిన బుట్టలో బాలకృష్ణుడు. నీళ్ళు పోస్తూ పోస్తూ కృష్ణుడి పాదం తాకగానే యమున తగ్గిపోయినట్టు నీళ్ళన్నీ దిగిపోతాయి. లోపల బొమ్మ వెనక దాక్కున్న వంపు గొట్టం ఒకటి ఉంటుంది. నీటి మట్టం ఆ వంపు దాటే వరకు ఏమీ జరగదు. దాటిందా, సైఫన్ మొదలై అడుగు దాకా లాగేస్తుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పైన పొంగింది ఒక్కటే పోదు, డేటా అంతా పోతుంది. ఒకే గొట్టం. గ్రీసులో తత్వవేత్త అయింది, చైనాలో న్యాయం అయింది, మన దగ్గర దేవుడి పాదం అయింది.

పనికిరానివి, కానీ పూర్తిగా కాదు

దోగు గురించి మాట్లాడుకుంటూ చిందోగు గురించి చెప్పకపోతే ఎలా? 'చిన్' అంటే అరుదైన, వింతైన. వింత పనిముట్టు. ఒక షాపింగ్ కేటలాగు పత్రికకి సంపాదకుడిగా పనిచేసిన కవకామి కెంజి 1980లలో మొదలుపెట్టిన ఆట ఇది. చాప్‌స్టిక్స్‌కి బిగించిన బుల్లి ఫ్యాను, నూడుల్స్ చల్లార్చుకోవడానికి. లిప్‌స్టిక్‌లా తిప్పితే పైకొచ్చే వెన్న గొట్టం, రొట్టెకి రాసుకోవడానికి. దీనికి పది నియమాలు కూడా రాశారు. వస్తువు నిజంగా తయారై ఉండాలి, కాగితం మీద బొమ్మ చాలదు. నిజంగా వాడుకోవడానికి పనికిరాకూడదు. అమ్మకూడదు. పేటెంటు తీసుకోకూడదు. చూసి నవ్వుకుని వదిలెయ్యాలి, అంతే.

కానీ చూడండి, 1995లో ఇంగ్లీషులో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక కర్ర చివర కెమెరా కట్టి తనను తాను ఫోటో తీసుకుంటున్న బొమ్మ ఉంది. నూటొక్క పనికిరాని వస్తువుల్లో అదొకటి! తర్వాత ఇరవై ఏళ్ళకి అదే సెల్ఫీ స్టిక్ అని పేరు పెట్టుకుని తాజ్‌మహల్ ముందు, తిరుపతి బస్టాండు ముందు అందరి చేతుల్లోకీ వచ్చింది. ఏది జోకో, ఏది పనిముట్టో వస్తువు మీద రాసి ఉండదు. అది ఎవరి చేతిలో పడుతుందో, ఏ రోజున పడుతుందో దాన్నిబట్టి ఉంటుంది.

ఈ ముక్క నేను సరదాకి చెప్పడం లేదు. కప్పాబాషికి నేను తీసుకెళ్ళిన చీటీలో మొదటి పేరు మా అమ్మది.

అమ్మ చెయ్యి

మాది అనకాపల్లి. ఏడాదిన్నర కిందట అమ్మకి పక్షవాతం వచ్చింది. త్వరగా ఆసుపత్రికి చేర్చాం కాబట్టి మాట వచ్చింది, నడక వచ్చింది. కుడిచేతి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. గరిటె పట్టుకుంటే జారిపోతుంది, పచ్చడి సీసా మూత తిరగదు. ఫిజియోథెరపీ చేయించే ఆయన "ఇంట్లో ఏదో ఒక పని చేయించండి, చెయ్యి ఖాళీగా ఉంచొద్దు" అన్నాడు. సర్జికల్ షాపుకి వెళ్ళి నాన్న కొన్ని కొనుక్కొచ్చారు. లావు రబ్బరు పిడి ఉన్న బూడిద రంగు చెంచా, మూతకి చిన్న కొమ్ము ఉన్న ప్లాస్టిక్ గ్లాసు. అమ్మ ఆ గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు ఉగ్గుగిన్నెతో పాలు పట్టాన్రా. ఇప్పుడు నువ్వు నాకు పడతావా?" అంది. నవ్వుతూనే అంది. మర్నాటికి రెండూ అటక మీదకి వెళ్ళిపోయాయి. "రోగిష్టి సామాను" అని పేరు కూడా పెట్టింది.

అంతకంటే బాధపెట్టింది ఇంకోటి. చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి వచ్చేసేది. ఎవరూ లేనప్పుడు ఎడంచేత్తో తంటాలు పడి పప్పు పెట్టుకునే మనిషి, గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడగానే గరిటె కింద పెట్టేసి హాల్లో కూర్చునేది. వచ్చినవాళ్ళు ప్రేమగానే అడిగేవారు. "అయ్యో, చెయ్యి ఎలా ఉందే? పాపం, ఎంత బాగా వండేదానివి!" ఆ 'వండేదానివి' దగ్గర అమ్మ ముఖం చూడాలి. బతికున్న మనిషి వంట గురించి భూతకాలంలో మాట్లాడేస్తే ఎలా?

అందుకే టోక్యోలో మూడు నెలల ఆన్‌సైట్ అనగానే ఈ వీధి పేరు రాసిపెట్టుకున్నాను. నేనున్నది నిషి కసాయిలో. మనవాళ్ళు చాలామంది ఉండే చోటు అది, తెలుగు కూడా వినిపిస్తుంది. అక్కణ్ణుంచి తోజాయ్ లైన్లో నిహోంబాషి దాకా వచ్చి గింజా లైన్ మారితే చాలు.

వీధి మధ్యలో ఒక చిన్న కొట్టు. నడిపేది డెబ్భై దాటిన పెద్దావిడ. ఇంగ్లీషు రాదు. ఫోన్లో అనువాదం యాప్ పెట్టి చెప్పాను. "మా అమ్మకి కుడిచేతిలో బలం తక్కువ. ఎడమచేత్తో వండాలి. మూతలు తియ్యలేదు." ఆవిడ చదివి తలూపి ఒక ప్రశ్న అడిగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. "మీ అమ్మగారు ఏం వండుతారు?"

ఏం జబ్బు, ఎప్పట్నుంచి, ఏ మందులు వాడుతున్నారు... ఏడాదిన్నరగా అందరూ అడిగిన ప్రశ్నలు అవి. ఏం వండుతారని అడిగింది మాత్రం ఈవిడే. గుత్తి వంకాయ, పప్పు, చారు, పులుసు అని టైపు చేశాను. గుత్తి వంకాయని యాప్ ఏమని అనువదించిందో నాకు తెలీదు. మా సీనియర్ కల్పించుకుని ఏదో వివరించారు. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక్కొక్కటీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

మొదటిది గరిటె. ఒక పక్క మూతిలా వంపు తిరిగి ఉంది, కానీ మామూలు వాటికి ఎదురువైపు. ఎడమచేత్తో పట్టుకుని వంచితే గిన్నెలోకి సరిగ్గా పడుతుంది. పక్కన పిడి ఉండే వాళ్ళ టీ కెటిల్ కూడా ఇంతే, కుడిచేతివాళ్ళకి తగ్గట్టే చేస్తారు, ఎడమచేతివి వెతికితే కానీ దొరకవు. వాళ్ళ సంప్రదాయ కత్తులకి ఒక వైపే పదును ఉంటుంది కాబట్టి అందులోనూ ఎడమచేతి కత్తి వేరు. ధర చూసి కత్తి జోలికి పోలేదు.

రెండోది చూడగానే నవ్వొచ్చింది. గులాబీ రంగు సిలికాన్ బిళ్ళ, పంది ముఖం. రెండు చెవులు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ముక్కుకి రెండు చిల్లులు. జపాన్ వంటలో గిన్నె అంచులకి కాకుండా, గిన్నె లోపల కూర మీదే వాలే చిన్న మూత ఒకటి వాడతారు. కొద్ది రసంలోనే ముక్కలు విరగకుండా, అన్ని వైపులా సమంగా ఉడుకుతాయి. ఇది అదే మూత, పంది వేషంలో. ఆవిరి ముక్కులోంచి వస్తుంది. తియ్యాలంటే ముక్కు పట్టుకుని పైకి లాగడమే, లేదా చిల్లుల్లో పుల్ల దూర్చి ఎత్తడమే. బరువు లేదు, జారదు, రెండో చెయ్యి అక్కర్లేదు. ఆవిడ ఒక సీసా తెచ్చి, ఆ పంది ముఖాన్నే మూత మీద వేసి, అరచేత్తో తిప్పి చూపించింది. సిలికాన్ పట్టుకి మూత ఇట్టే వచ్చేసింది.

డబ్బు ఖర్చులేని మూడో సలహా కూడా ఇచ్చింది. కూరగాయలు కోసే చెక్క కింద తడిగుడ్డ పరిస్తే చెక్క కదలదు, ఒక్క చెయ్యి చాలు. జపాన్ వంటవాళ్ళు అందరూ చేసేదేనట.

వంగే స్ట్రా కథ

తిరిగొచ్చే విమానంలో ఇలాంటి వాటి గురించే ఆలోచిస్తూ ఉన్నాను. మనం కూల్‌డ్రింక్‌లో వేసుకునే వంగే స్ట్రా ఉంది కదా, అది మొదట ఎవరి కోసం పుట్టిందో తెలుసా? 1930లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జోసెఫ్ ఫ్రైడ్‌మన్ అనే ఆయన తన చిన్న కూతురు ఎత్తు బల్ల ముందు కూర్చుని నిటారు స్ట్రాతో మిల్క్ షేక్ తాగలేక అవస్థ పడుతుంటే చూశాడు. కాగితం స్ట్రాలోకి ఒక స్క్రూ దూర్చి, పైన దారం బిగించి, మరల గుర్తులు పడేలా నొక్కాడు. స్ట్రా వంగింది. 1937లో పేటెంటు వచ్చింది. దాన్ని మొదట కొన్నది మాత్రం ఐస్‌క్రీమ్ దుకాణాలు కాదు, 1947లో ఒక ఆసుపత్రి. మంచం మీద పడుకున్న రోగి తల ఎత్తకుండా తాగొచ్చు కాబట్టి. పసిపాప కోసం పుట్టి, రోగి దగ్గరికి వెళ్ళి, చివరికి సరదాగా కొబ్బరిబోండాంలోకి వచ్చి చేరింది.

లావు నల్ల రబ్బరు పిడి పీలర్లు కూడా అంతే. 1990లో అమెరికాలో శామ్ ఫార్బర్ ఆక్సో అనే కంపెనీ పెట్టింది, కీళ్ళవాతంతో బాధపడే భార్య బెట్సీ ఆపిల్ తొక్క తీయడానికి ఇబ్బంది పడటం చూసే. అది 'కీళ్ళవాతం వాళ్ళ పీలర్' అని అమ్మితే ఎవరు కొనేవారు? మంచి పీలర్ అని అమ్మారు. అందరూ కొన్నారు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళు కూడా తలదించుకోకుండా కొన్నారు.

వరాహమూర్తి

అనకాపల్లి చేరాక పెట్టె విప్పాను. కోడిగుడ్డు అచ్చుని మా అక్క కొడుకు లాక్కుపోయాడు. గరిటె చూసి అమ్మ ఏమీ అనలేదు, పొయ్యి పక్కన ఎడమవైపు మేకుకి తగిలించింది. పంది మూతని మాత్రం ఎత్తి పట్టుకుని కాసేపు చూసి, "ఇదేంట్రా, సింహాచలం వరాహమూర్తిని వంటింట్లోకి తెచ్చావు" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరదే.

ఆదివారం పెద్దమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పుల చప్పుడు అయ్యేసరికి అమ్మ పొయ్యి దగ్గరే ఉంది. మూకుట్లో గుత్తి వంకాయ ఉడుకుతోంది, పంది ముక్కులోంచి పొగ వస్తోంది. పెద్దమ్మ లోపలికొచ్చి నోరు తెరిచింది. చెయ్యి ఎలా ఉందని అడుగుతుందనే అనుకున్నాను.

"ఇదెక్కడిదే?" అంది.

"జపాన్‌ది అక్కా! ముక్కు పట్టుకుని లాగు, వేడిగా ఉంటుంది చూసుకో" అని అమ్మ మొదలుపెట్టింది. కూర మీద ఎందుకు వాలాలి, ఆవిరి ఎలా వస్తుంది, ఆవకాయ సీసా మూత ఎలా తియ్యాలి... తానే స్వయంగా కప్పాబాషి వెళ్ళి బేరమాడి తెచ్చినట్టు చెప్పింది. చెబుతూనే ఎడమచేత్తో మూత తీసి, కుడిచేతిని గిన్నె అంచున ఆనించి, వంకాయ తిరగేసింది. పెద్దమ్మ ఆ చేతిని చూడలేదు. పందినే చూసింది. వెళ్ళేటప్పుడు, "నాకూ ఒకటి తెప్పించవే. మీ బావగారు చూస్తే నవ్వుతారు" అంది. పెద్దమ్మ రెండు చేతులూ గట్టిగానే ఉన్నాయి.

ఒక మూతతో అమ్మ చెయ్యి బాగైపోయిందని నేను చెప్పడం లేదు. వ్యాయామాలు ఇంకా జరుగుతున్నాయి, పట్టు మెల్లమెల్లగా వస్తోంది. కానీ బూడిద రంగు చెంచా చూసినవాళ్ళు మనిషి గురించి అడుగుతారు, జాలిగా. గులాబీ పంది చూసినవాళ్ళు వస్తువు గురించి అడుగుతారు, ఆశగా. అమ్మకి ఇప్పుడు ఆ రెండో ప్రశ్నే కావాలి. ఇలాంటి సామాన్లు తయారుచేసే మనవాళ్ళు కాస్త రంగు, కాస్త నవ్వు కలిపితే అటక మీదకి వెళ్ళేవి సగం తగ్గుతాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి

కప్పాబాషి కొట్లు ఉదయం తొమ్మిది, పది మధ్య తెరుస్తారు, సాయంత్రం ఐదు, ఐదున్నరకే చాలావరకు మూసేస్తారు. ఆదివారాలు, సెలవుల్లో కొన్ని మూసి ఉంటాయి కాబట్టి శనివారమో, మామూలు రోజో ఎంచుకోండి. కత్తులు కొంటే చేతిసంచిలో పెట్టకండి, చెక్ఇన్ లగేజీలోనే వెయ్యాలి. అసకుస సెన్సోజి గుడి నడిచి వెళ్ళేంత దూరమే, కాబట్టి ఉదయం గుడి, మధ్యాహ్నం వీధి పెట్టుకోవచ్చు. చిన్న చిన్న వింత సామాన్లు వెయ్యి యెన్ల లోపే బోలెడు దొరుకుతాయి.

ఇంట్లో ఎవరికైనా కుడిచెయ్యి సహకరించకపోతే 'హిదరికికి' అనే ఒక్క మాట నేర్చుకుని వెళ్ళండి. ఎడమచేతి వాటం అని అర్థం. కొట్లో ఆ మాట అంటే, లోపలి అరల్లోంచి తీసి చూపిస్తారు. వాళ్ళు ఏం వండుతారో కూడా ముందే కనుక్కుని వెళ్ళండి. అక్కడ అడుగుతారు.